ముందు మూడు, వెనక మూడు

పొగతోటలో మందులషాపు మీద మా ఆఫీసు.
లిఫ్టు లేదు.
పెంచలమ్మ మెట్టుకొకసారి ఆగి
సైదాపురం నించి నడిచొచ్చినట్టు ఎక్కొచ్చింది.
చేతిలో సంచి. సంచిలో కాగితం లేదు.

"కాగితాలన్నీ మీ కాడే ఉండాయంట గదబ్బయా.
పదకొండేళ్ళు గనికాడ రేకులు చీల్చినా.
పింఛనాయన నా పేరు చూపించమంటాడు."

ఉన్నాయి.
మూతబడ్డ అభ్రకం గనుల హాజరుపట్టీలు,
చెదలు తిని వదిలేసినవి,
మేం ఆరుగురం రెండు వేసవులు కూర్చుని కొట్టినవి.
నాలుగొందల ముప్పై ఫైళ్ళు.
ఒక్కోటీ తెరిచి చదవాలంటే ఇంకో రెండు వేసవులు.
అందుకని నల్లతెర తెరిచా.
గ్రెప్. మైనస్ ఆర్. కొటేషన్ల నడుమ ఆమె పేరు.
చివర ఒక చుక్క, ఇక్కడే వెతుకు అని.

పెంచలకోన చుట్టుపక్కల పెంచలమ్మని వెతకడం
ఇసకపల్లి ఉప్పుకయ్యలో ఉప్పుబెడ్డని వెతకడం.
తెర జలజలా పారింది, ఆరువేల పైచిలుకు.
ఇంటిపేరు కలిపా: తూపిలి.
ఏమీ రాలా.

దొరక్కపోతే గ్రెప్ లేదని కూడా అనదు.
కింది వరుసలో కర్సరు పెట్టి ఊరుకుంటుంది,
బాకీ అడిగితే బీడీ వెలిగించుకునేవాడిలా.

"ఏమంటాదబ్బయా?"
"ఏమీ అనలామ్మా."

మా టైపింగు సంగతి నాకు తెలుసు.
కరెంటు పోతుందని గబగబా కొట్టిన మధ్యాన్నాల్లో
పెంచెలమ్మ, పెంచలంమ, పెంచ్లమ్మ.
చుక్క పెడితే ఏ అక్షరమైనా సరేనని అర్థం.
కానీ మనకి ఒకటిగా కనబడేది మిషనుకి ముక్కలు:
చ వేరు, దాని నెత్తిన ఎత్వం వేరు,
వత్తు వెనక దాక్కున్న పొల్లు వేరు.
'మ్మ' ఎన్ని పొరలో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నా.
ఎదురుగా ఆమె
బల్ల అంచున లేచిన సన్‌మైకా కింద గోరు దూర్చి
చూడకుండానే సన్నగా లేపతా ఉంది.

చుక్క పక్కన ఇంకో చుక్క పెట్టా, ఆకాశంలోది.
మళ్ళా బీడీ.

పేరు వదిలేశా.
"అప్పుడు జరిగిందేదైనా చెప్పమ్మా,
గుమాస్తా రాసుంటాడనిపించేది."

"గాలివానకి షెడ్డు పైకప్పు లేచిపోయింది.
ఆపొద్దు సగం కూలే ఇచ్చినారు. నేను కొట్లాడినా."

గాలివాన, లేదు. తుపాను, లేదు.
తుఫాను, ఒక్కటి.
మైనస్ పెద్ద సి, మూడు.
దొరికిన వరుసకి ముందు మూడు, వెనక మూడు:

    మానికల చెంగమ్మ – అర
    దొరువు రత్తమ్మ – అర
    షేక్ బీబీజాన్ – అర
    తుఫాను వల్ల అందరికీ సగము
    కొత్తామె – అర – గొడవ చేసినది
    వేలూరు సుబ్బులు – అర
    ఆదివారం సెలవు

బయటికి చదివా.
ఆమె సన్‌మైకా వదిలేసి నవ్వింది.
"కొత్తామా! నేనే అబ్బయా.
చేరినపొద్దు పేరడగలా ఆయన.
నేను మానుకున్ననాడు గూడా కొత్తామే అన్నాడు."

పెద్ద సి చుట్టుపక్కల చూపిస్తుంది, చిన్న సి లెక్క చెబుతుంది.
ఆ షెడ్డు ఫైళ్ళలో కొత్తామె
రెండువేల ఏడొందల నలభై వరుసలు.
అన్నీ ఈమేనా?
పింఛనాయన అడిగితే నేనేం చెప్పాలి?
పదకొండేళ్ళలో ఇంకెవరూ కొత్తగా రాలేదా ఏం?

"బీబీజాను పేరు చదివితివే,
కడాన ఎప్పుడు వచ్చిందో చూడు రోంత."

చూశా. ఫాల్గుణంలో ఒక బుధవారం. అర.
దాని తర్వాత బీబీజాన్ లేదు.

"దగ్గి దగ్గి రేకుల మీద పడిపోయింది.
నేనే బస్సెక్కించి పెద్దాసుపత్రికి తెచ్చినా.
ఆపొద్దు నాక్కూడా అరే యేసుంటాడు, పాపిష్టోడు."

వెనక ఒక్క వరుస అడిగా.

    కొత్తామె – అర

రెండు వరుసలూ కలిపి ప్రింటుకి పంపా.
మా ప్రింటరు పాతది, వేడెక్కాలి.
కూర్చోమన్నా.
ఆమె గోరు మళ్ళా బల్ల అంచుకి పోయింది.